పూత మీద బేరం, చెట్టు మీద భారం

మిరప రైతు, పత్తి రైతు, పసుపు రైతు సరుకును యార్డుకు తోలి, రాసి పోసిన తరువాత ధర వింటారు. మామిడి రైతు సంగతి వేరు. చాలా చోట్ల పూత కంటికి కనిపించగానే, ఒక్కొక్కప్పుడు కొమ్మలు మొగ్గ తొడగక ముందే, తోటను గుత్తకు ఇచ్చి చేతులు దులుపుకుంటాడు. సరుకు పుట్టక ముందే బేరం కుదిరిపోయే పంటలు మన ప్రాంతంలో ఎక్కువ లేవు. నూజివీడు, మైలవరం తోటలలోనూ, ఖమ్మం జిల్లా సత్తుపల్లి వైపునా, ఇతర మామిడి ప్రాంతాలలోనూ ఈ పద్ధతి తరాలుగా సాగుతున్నది.

ఏటా మాఘ, ఫాల్గుణ మాసాలు వచ్చేసరికి మామిడి మీద ఒకే రకం మాటలు వినవస్తాయి. మంచు పట్టింది, పూత మాడింది, తేనె మంచు పురుగు దిగింది, పిందె నిలవలేదు, చివరకు గాలివాన కాయను రాల్చింది అంటారు. ఇవన్నీ నిజాలే. అయితే ఇవన్నీ ఆకాశం నుంచి ఊడిపడిన కష్టాలే అనుకోవటం మాత్రం పొరపాటు. వీటిలో సగానికి మూలం మన బేరం పద్ధతిలోనే వున్నదని చెప్పక తప్పదు.

తోట ఒకరిది, కాపు మరొకరిది

గుత్త పద్ధతిని ఒక్క మాటలో తీసిపారేయటం సబబు కాదు. యజమానికి అది అక్కరకు వచ్చే ఏర్పాటు. సంక్రాంతి నాటికి చేతిలో రొక్కం పడుతుంది. కాపలా, మందులు, కోత కూలి, లారీ బాడుగ, మార్కెట్టులో కమీషను తగాదా, ఇవేవీ అతని నెత్తిన వుండవు. గాలివాన వచ్చినా, ధర పడిపోయినా నష్టం గుత్తదారుదే. గుత్తదారు కూడా తేలికగా డబ్బు చేసుకునే మనిషి కాదు. వరుసగా రెండేళ్లు కాపు తప్పి అప్పుల పాలయిన వ్యాపారులు మామిడి మార్కెట్లలో చాలామంది కనిపిస్తారు.

చిక్కు ఎక్కడంటే, ఒక్క పంటకు గుత్త పట్టిన మనిషికి ఆ తోటతో నాలుగైదు నెలల సంబంధమే వుంటుంది. చెట్టుకు మాత్రం నలభై, యాభై ఏళ్ల జీవితం వుంది. ఈ ఏడు కాపును ఎంత పిండుకుంటే అంత లాభం అనేది గుత్తదారు లెక్క. ఎలాగూ పంట అమ్మేశాను, ఇక పెట్టుబడి దేనికి అనేది యజమాని లెక్క. ఎవరి లెక్క వారికి సరిపోతున్నది. చెట్టు లెక్క చూసేవాడే లేడు.

ఎరువు వేసే నెలలో ఎవరూ వుండరు

మామిడి కాపు పూతతో మొదలు కాదు. కిందటి కోత ముగిసిన మర్నాటి నుంచే మొదలవుతుంది. కాయ దించిన చెట్టు తన నిల్వ బలాన్ని ఖర్చు చేసుకుని వుంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు లోపల ఎండుపుల్ల, చీడ పట్టిన కొమ్మ తీసి, ఎరువు పెట్టి, తొలకరి తేమలో కొత్త చిగురు వేయిస్తే, ఆ చిగురు ముదిరి డిసెంబరు, జనవరి నాటికి పూతకు సిద్ధమవుతుంది. ఆలస్యంగా వచ్చిన లేత కొమ్మ పూయదు.

పదేళ్లు దాటిన చెట్టుకు ఏడాదికి కిలో చొప్పున నత్రజని, భాస్వరం, పొటాష్ ఇవ్వాలన్నది మన ఉద్యాన శాస్త్రవేత్తల సిఫార్సు. బజారు సరుకులో చెప్పాలంటే చెట్టుకు యూరియా సుమారు 2.2 కిలోలు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 6.25 కిలోలు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 1.7 కిలోలు అవుతుంది. పది మీటర్ల ఎడంలో ఎకరానికి 40 చెట్లు వుంటాయి. అంటే యూరియా 45 కిలోల బస్తాలు రెండు, సూపర్ 50 కిలోల బస్తాలు అయిదు, పొటాష్ బస్తాన్నర లోపు. పశువుల ఎరువు దీనికి అదనం. ఒక ఎకరం తోట గుత్త ముందు ఇది మోయలేని ఖర్చు కాదు. అయినా వేసేవారు తక్కువ. ఎందుకంటే ఆ నెలల్లో గుత్తదారు తోటలో వుండడు. యజమాని చేతిలో వుండే డబ్బు వరి నాటుకో, బడి ఫీజుకో పోతుంది.

సూక్ష్మ పోషకాల సంగతి మరీ అన్యాయం. ఆకులు చిన్నవై కొమ్మ చివర గుత్తులుగా ముడుచుకుంటే జింకు లోపం. కాయ పగిలినా, లోపలి కండ గోధుమ రంగుకు తిరిగినా బోరాన్ లోపాన్ని అనుమానించవలసిందే. సున్నపు నేలల్లో లేత ఆకు పాలిపోతే ఇనుము అందలేదని అర్థం. చిగురు మీద లీటరు నీటికి 5 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి పిచికారీ చేస్తే తీరిపోయే లోటును పట్టించుకోక, మార్కెట్టులో పగుళ్ల కాయను ఏరి పక్కన పడేసినప్పుడు దళారిని తిట్టుకుంటే ఏమి లాభం?

రెండు, మూడు ఏళ్లకు గుత్త పట్టిన చోట మరో జబ్బు వున్నది. అదే పాక్లోబ్యుట్రజాల్. ఏటా కాపు రాని బంగినపల్లి వంటి రకాన్ని దారికి తేవటానికి, పూతను కాస్త ముందుకు జరపటానికి ఈ మందు పనికి వస్తుంది. కాదనలేము. అయితే అది చెట్టుకు తిండి కాదు, పెరుగుదలను ఆపి బలాన్ని పూతకు మళ్లించే మందు. బాగా మేపిన చెట్టుకు, కొమ్మల విస్తీర్ణాన్ని బట్టి లెక్కగా పోస్తే సరి. ఎరువు ముఖం చూడని చెట్టుకు ఏటా పోస్తే కణుపులు దగ్గరపడి, చిగురు కురచబారి, పూ గుత్తులు ముద్దగట్టి, చివరకు చెట్టే క్షీణిస్తుంది. మందు నేలలో చాలాకాలం నిలుస్తుంది కూడా. గుత్త ముగిసి వ్యాపారి వెళ్లిపోయిన తరువాత ఆ నేల, ఆ చెట్టు యజమానికే మిగులుతాయి.

పూత, మంచు, పురుగు

మామిడి పూతకు కావలసింది బెట్ట, రాత్రి చలి. అక్టోబరు, నవంబరు నెలల్లో నీరు కట్టకుండా ఎండగడితే, చలి పడగానే మొగ్గ కదులుతుంది. అదే సమయంలో వాన పడితే పూత రావలసిన చోట చిగురు వస్తుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ వంటి తుపాను సరిగ్గా మొగ్గ కదిలే రోజులలో నేలను తడిపిపోతే రైతు చేయగలిగింది తక్కువే. అటువంటప్పుడు నేల ఆరిన తరువాత లీటరు నీటికి 10 గ్రాముల పొటాషియం నైట్రేటు పిచికారీ చేసి, ముదిరిన మొగ్గను ఒక్కసారిగా పగిలేలా చేసుకోవటం మేలు. పూత విడతలు విడతలుగా వస్తే మందు ఖర్చు పెరుగుతుంది, కాయ సైజు కలవదు, కోత కూలి రెట్టింపు అవుతుంది.

పూత వచ్చిన తరువాత ముగ్గురు శత్రువులు. తేనె మంచు పురుగు పూ కాడల్లో గుడ్లు పెట్టి రసం పీలుస్తుంది. అది కార్చే జిగురు మీద నల్లని మసి పెరిగి ఆకు, కాయ మసిబారుతాయి. చల్లని రాత్రి, పగటి పొడి వాతావరణం కలిస్తే బూడిద తెగులు పూగుత్తిని తెల్లగా కప్పేస్తుంది. మబ్బు, వాన తుంపర, పొగమంచు వుంటే పక్షికన్ను తెగులు పూతను నల్లబరచి, ఆ తరువాత కాయ మీద మచ్చగా నిలిచి, మాగబెట్టినప్పుడు బయటపడుతుంది. తామర పురుగు గీకిన కాయ తొక్క మీద మంగు కడుతుంది. కండకు పెద్దగా చేటు లేకపోయినా, మార్కెట్టులో ఆ కాయ రెండో రకంలోకి జారిపోతుంది.

వీటన్నిటికీ మందులు వున్నాయి. మొగ్గ పగిలే దశలో ఒకసారి, పూలు విచ్చుకోక ముందు మరొకసారి, పిందె బఠాణీ గింజంత అయిన తరువాత అవసరాన్ని బట్టి ఇంకొకసారి పిచికారీ చేస్తే సాధారణంగా సరిపోతుంది. బూడిద తెగులుకు లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం పాత మందే అయినా పనిచేసే మందు.

అయితే తోటల్లో జరిగేది ఇది కాదు. పెద్ద మొత్తం అడ్వాన్సుగా పోసిన గుత్తదారుకు నిద్ర పట్టదు. వారం వారం పిచికారీ చేస్తాడు. దుకాణదారు చెప్పినన్ని మందులు ఒకే డ్రమ్ములో కలుపుతాడు. నిండు పూత మీద కూడా కొడతాడు. మామిడి పూలలో పరాగ సంపర్కం జరిపేవి ఈగలు, తేనెటీగలు. పూగుత్తిలో వందల, వేల పూలు వున్నా, కాయగా నిలిచేది నూటికి ఒకటి కూడా వుండదు. ఆ ఒక్కదానికీ ఆధారమైన ఈగను మనమే చంపి, పిందె నిలవలేదని మంచును తిట్టుకోవటం ఏమి న్యాయం? పైగా ఒకే జాతి మందును మాటిమాటికి కొడితే పురుగు దానికి అలవాటు పడుతుంది. పురుగును తినే మిత్ర కీటకాలు ముందుగా చస్తాయి. మరుసటి ఏడు మందు మోతాదు పెంచవలసి వస్తుంది. ఆ ఖర్చును గుత్తదారు తన బేరంలో ముందుగానే తగ్గించి అడుగుతాడు. అంటే చివరకు మందు డబ్బు చెల్లిస్తున్నది తోట యజమానే.

రాలిన కాయ ఎవరిది?

పండు ఈగ వ్యవహారం చూస్తే ఈ పద్ధతిలోని లోపం మరింత స్పష్టంగా తెలుస్తుంది. పక్వానికి వస్తున్న కాయ తొక్కలోకి ఈగ గుడ్లు జొప్పిస్తుంది. పైకి కనిపించేది సూది మొనంత మచ్చ. లోపల పురుగు కండ తిని, కాయ రాలిన తరువాత నేలలోకి దిగి కోశస్థ దశ గడిపి, మళ్లీ ఈగగా లేస్తుంది. తొలకరి జల్లులు పడిన తరువాత కోసే ఆలస్యపు కాయకు ఈ బెడద ఎక్కువ. దీనికి మందు కన్నా శుభ్రతే ముఖ్యం. రాలిన కాయను ఏరోజుకారోజు ఏరి లోతుగా పూడ్చాలి. చెట్ల పాదుల్లో నేలను తిరగవేసి కోశాలను ఎండకు చూపించాలి. మిథైల్ యూజినాల్ ఎరలు కట్టి మగ ఈగలను పట్టాలి.

ఈ పనులు చేసేదెవరు? చివరి కోత కాగానే గుత్తదారు పాక ఎత్తేస్తాడు. రాలుగు కాయ అతనికి అక్కరలేదు. తోట ఇంకా తన చేతికి రాలేదన్న ధీమాలో యజమాని వుంటాడు. ఆ కుళ్లిన కాయలోంచి లేచిన ఈగ పక్క తోటలోని నీలం మీద, ఆ తరువాత జామ మీద వాలుతుంది.

ఇది ఒక్క ఊరి సమస్యగా ఆగిపోదు. 2013లో భారతదేశం నుంచి వెళ్లిన 207 పండ్ల, కూరగాయల సరుకుల్లో పురుగులు కనిపించాయన్న కారణంతో యూరోపియన్ యూనియన్ 2014 మే 1 నుంచి మన మామిడిని ఆపివేసింది. 2015 ఆరంభంలో గాని తలుపు తెరవలేదు. 2007లో మన మామిడిని తిరిగి అనుమతించిన అమెరికా కూడా రేడియేషన్ శుద్ధి చేసిన సరుకునే తీసుకుంటున్నది. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినందుకు సంతోషించవలసిందే. కాని కాయలో పురుగు వుంటే ఆ గుర్తింపు కాగితం ఓడ ఎక్కదు.

గాలి భయం, పచ్చి కోత

ఏప్రిల్, మే నెలల గాలివాన గుత్తదారుకు పీడకల. ఒక్క సాయంత్రం గాలికి తోటలో సగం కాయ నేల రాలవచ్చు. రాలిన కాయ పచ్చడి కాయ ధరకు కూడా పోదు. ఈ భయంతోనూ, ఉగాది తరువాత వుండే తొలి ధర ఆశతోనూ టెంక ముదరని కాయను చిక్కాలతో దించేస్తున్నారు. ముదరని కాయ తనంతట మాగదు గనుక కార్బైడు అవసరం పడుతుంది. కార్బైడు వాడకం చట్టరీత్యా నిషిద్ధం. దానికి బదులు ఎథిలీన్ వాయువును 100 పీపీఎం వరకు వాడవచ్చునని ఆహార భద్రతా సంస్థ 2016లో అనుమతించింది. కాని పచ్చికాయకు ఎథిలీన్ రంగు తెప్పిస్తుందే గాని తీపిని తెప్పించదు. ఒకసారి పుల్లని బంగినపల్లి తిన్న పట్నవాసి పదిహేను రోజుల వరకు మళ్లీ మామిడి బండి దగ్గరకు రాడు. సీజను ఆరంభంలో పచ్చికాయ తెచ్చినవాడు, మే నెలలో మంచి కాయ తెచ్చేవాడి ధరను కూడా చెడగొడుతున్నాడని మార్కెట్టు వర్గాలు గుర్తించాలి.

వాతావరణ ఆధారిత బీమా వున్న చోట కూడా ఒక మెలిక వుంది. ఆ బీమా తోటలో రాలిన కాయను లెక్కపెట్టదు. నిర్ణయించిన వాతావరణ కేంద్రంలో నమోదయిన వాన, గాలి, వేడి అంకెలను బట్టి పరిహారం లెక్క కడుతుంది. నష్టపోయేది గుత్తదారు, భూమి కాగితాలు యజమానివి. పరిహారం వస్తే ఎవరికి చేరాలన్న సంగతిని నోటిమాట బేరంలో ఎవరూ ప్రస్తావించరు. తగాదా వచ్చినప్పుడే అది గుర్తుకు వస్తుంది.

సొంతంగా అమ్మితే సరిపోతుందా?

గుత్త మానేసి రైతే కాయ కోసి అమ్ముకుంటే అంతా చక్కబడుతుందని కొందరు వాదిస్తారు. చిత్తూరు ప్రాంతపు తోతాపురి అనుభవం చూసినవారు అంత తేలికగా అనలేరు. అక్కడ పెద్ద భాగం సరుకు గుజ్జు కర్మాగారాలకు పోతుంది. 2025లో కర్మాగారాల్లో పాత గుజ్జు నిల్వలు పేరుకుపోయి కొత్త కాయకు గిరాకీ పడిపోయింది. కిలోకు 12 రూపాయలు దక్కాలని, అందులో 8 రూపాయలు కర్మాగారాలు, 4 రూపాయలు ప్రభుత్వం భరించాలని నిర్ణయించవలసి వచ్చింది. పొరుగు కర్ణాటక నుంచి వచ్చే తోతాపురిని జిల్లా సరిహద్దులో ఆపటంతో రెండు రాష్ట్రాల మధ్య ఉత్తరాలు నడిచాయి. కర్మాగారాల గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరిన ఆ సీజనులో, ముందే గుత్తకు ఇచ్చినవాడు అదృష్టవంతుడని అనిపించి వుంటే ఆశ్చర్యం లేదు.

కాబట్టి ధర పడిపోయే ప్రమాదాన్ని మొత్తం రైతు నెత్తిన వేయటం పరిష్కారం కాదు. ఆ ప్రమాదాన్ని పంచుకుంటూనే, చెట్టు బాగోగులు చూసుకునే బాధ్యతను కూడా పంచుకునే పద్ధతి కావాలి. బేరం ఉండవచ్చు, దాని షరతులు మారాలి.

చేయవలసిన మార్పులు

మొదటిది, గుత్త ఒప్పందం కాగితం మీద వుండాలి. ఎన్ని కోతలు, ఏ తేదీకి ముందు కాయ దించరాదు, ఏ మందులు ఎన్నిసార్లు కొట్టారు అన్న చిట్టా యజమానికి అందాలి. పాక్లోబ్యుట్రజాల్ పోయాలంటే యజమాని అనుమతి తప్పనిసరి కావాలి. చివరి కోత తరువాత రాలిన కాయ ఏరి పూడ్చటం గుత్తదారు బాధ్యతగా రాయాలి. అది తీరిన తరువాతే ఆఖరు వాయిదా లెక్క చూడాలి.

రెండవది, మొత్తం సొమ్ము పూత మీదనే తేల్చుకోవటం మాని, కొంత అడ్వాన్సు, మిగతాది కాటా మీద తూగిన బరువును బట్టి వాటాగా తీసుకోవటం మంచిది. కాయ బరువులో తనకు వాటా వున్నదని తెలిస్తే జులైలో యజమాని ఎరువు బస్తా విప్పుతాడు. అడ్వాన్సు తక్కువైతే గుత్తదారుకు ఆందోళన తగ్గుతుంది, మందు డబ్బాల మీద మోజు కూడా తగ్గుతుంది.

మూడవది రుణం. సంక్రాంతి ముందు రొక్కం అవసరం పడే యజమానే పూతను తక్కువకు అమ్ముతున్నాడు. హామీ లేని వ్యవసాయ రుణ పరిమితిని రిజర్వు బ్యాంకు 2025 జనవరి నుంచి 2 లక్షల రూపాయలకు పెంచింది. కిసాన్ క్రెడిట్ కార్డు పండ్ల తోటలకూ వర్తిస్తుంది. సహకార సంఘాలు, బ్యాంకులు వరి పంట కాలెండరును పట్టుకుని వేలాడకుండా, కోత తరువాత ఎరువుకు ఒక విడత, పూత సమయంలో మరొక విడత ఇస్తే, రైతు కనీసం పిందె కట్టే వరకయినా బేరం ఆపుకోగలుగుతాడు. పిందె చూసి కట్టే ధరకు, మొగ్గ చూసి కట్టే ధరకు తేడా ఎంతో రైతులకు తెలియనిది కాదు.

నాలుగవది మార్కెట్లు. విజయవాడ దగ్గర నున్న అయినా, హైదరాబాదు గడ్డిఅన్నారం నుంచి బాటసింగారం తరలిన పండ్ల మార్కెట్టు అయినా, దామలచెరువు అయినా, మంచి కాయకు మంచి ధర పలికినప్పుడే పైన చెప్పిన శ్రమకు అర్థం వుంటుంది. గ్రేడు చేసి తెచ్చిన సరుకు మీద కూడా గుడ్డిగా తరుగు కోస్తే, శుభ్రమైన కాయకు, పురుగు కాయకు తేడా లేనట్టే. ఈగ పట్టని, మచ్చ లేని, ముదిరిన కాయ మీద తరుగు పూర్తిగా ఎత్తివేస్తే, తోటల్లో ఎరలు కట్టమని ఎవరూ ఉపన్యాసాలు ఇవ్వనక్కరలేదు.

వాతావరణాన్ని ఎవరూ శాసించలేరు. తుపాను ఏ నెలలో వస్తుందో, మంచు ఎన్ని రోజులు నిలుస్తుందో మన చేతిలో లేదు. కాని బలంగా వున్న చెట్టు ఒక దెబ్బకు ఓర్చుకుని రెండో పూతకు ప్రయత్నిస్తుంది, బలహీనమైన చెట్టు మొదటి దెబ్బకే ఆ ఏటికి కాడి పడేస్తుంది. ఆ బలం జూన్, జులై నెలల్లో పోసిన ఎరువులోనూ, తీసిన ఎండుకొమ్మలోనూ వుంది. ఈసారి తోట బేరానికి కూర్చున్నప్పుడు, పూత ఎంత వున్నదన్న ప్రశ్నతో పాటు, కిందటి తొలకరిలో ఈ చెట్లకు ఏమి పెట్టారన్న ప్రశ్న గుత్తదారు కూడా వేయాలి. దానికి సమాధానం చెప్పగలిగిన యజమాని నాలుగు రూపాయలు ఎక్కువ అడిగినా అది న్యాయమైన బేరమే అవుతుంది.